మగ్దలేనే మరియ ఎవరి రహస్యం?

డాన్ బ్రౌన్ నవల 'ది డావిన్సీ కోడ్' 2003లో వచ్చింది. దాని ఆధారంగా రాన్ హోవార్డ్ తీసిన సినిమాను 2006 జూన్ 1న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రమంతటా నిషేధించింది. నవల గురించి రాసేవాళ్లు నిషేధాన్ని ఒక వార్తగా వదిలేస్తారు. నిషేధం గురించి రాసేవాళ్లు భావప్రకటనా స్వేచ్ఛ గురించి రాసి, నవలను పక్కన పెడతారు. నాకు మాత్రం ఈ రెండూ ఒకే కథకు రెండు కూర్పుల్లా కనిపిస్తాయి. ఒక చక్రవర్తీ బిషప్పులూ కలిసి ఒక స్త్రీని చరిత్రలోంచి తుడిచేశారని నవల చెబుతుంది. ఆ కథను జనం చూడకూడదని ఒక ప్రభుత్వమూ మతపెద్దలూ కలిసి నిర్ణయించారు. రెండుచోట్లా గొడవంతా ఒక స్త్రీ గురించే. రెండుచోట్లా స్త్రీలను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

నేను ఈ మాటలు వాకాడులో ఉండి రాస్తున్నాను. స్వర్ణముఖి సముద్రంలో కలిసే చోటికి దగ్గరి ఊరు ఇది. 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, మాటలో యాసలో మేమింకా నెల్లూరు వాళ్లమే. ఉత్తరాన నెల్లూరుకు అమెరికన్ బాప్టిస్టులు 1840లో వచ్చారు. దక్షిణాన సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు ప్రాంతాలకు 1860లలో జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు. అంటే ఈ తీరంలో చర్చి అనేది పరాయిదేశపు నవల్లోని వింత వస్తువు కాదు. మాలపల్లెలో, మాదిగపల్లెలో నాలుగైదు తరాలుగా ఉన్న ఇల్లు. ఆ ఇంటికీ రాజకీయాలకీ ఉన్న చుట్టరికం ఏమిటో ఇక్కడి ఆడవాళ్లకు తెలుసు. నవల్లో కనిపించే చుట్టరికం వేరు, వాళ్లకు తెలిసిన చుట్టరికం వేరు.

ముందు నవల సంగతి చూద్దాం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో క్యురేటర్ సోనియేర్ హత్యతో కథ మొదలవుతుంది. చంపినవాడు సైలస్ అనే సన్యాసి. అతని వెనక 'ఓపుస్ డేయి' అనే కేథలిక్ సంస్థకు అధిపతి అయిన బిషప్పు అరింగరోసా ఉంటాడు. వాటికన్ తన సంస్థను వదిలించుకోబోతోందని తెలిసి, ఒక పవిత్ర రహస్యం చేతికి వస్తే చర్చిని తన మాట వినేలా చేసుకోవచ్చని అతని ఆశ. సినిమాలోనైతే కేసు నడిపే పోలీసు అధికారి కూడా ఆ సంస్థకు దగ్గరివాడే. ఇంతకీ ఆ రహస్యం ఏమిటంటే, మగ్దలేనే మరియ ఏసు భార్య, వాళ్ల వంశం ఇప్పటికీ ఉంది, క్రీ.శ. 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నీకియా సభలో బిషప్పులతో కలిసి ఈ సత్యాన్ని పాతిపెట్టాడు అని. రాజ్యమూ చర్చీ కుమ్మక్కై చేసిన మొదటి నేరం ఒక స్త్రీ మీద జరిగింది అనే మాట కోట్లమంది చదివిన పుస్తకంలో ఉంది. అందుకే ఎందరో స్త్రీలకు ఈ నవల నచ్చింది. ఆ ఇష్టాన్ని నేను వెక్కిరించను. ప్రతి ఆదివారం మగ గొంతులోనే దేవుణ్ణి వింటూ పెరిగినవాళ్లకు 'పవిత్ర స్త్రీత్వం' అనే మాట గొంతులోకి చల్లటి నీళ్లు పోసినట్టుంటుంది.

అయితే ఆ నీళ్లు పోస్తున్నది ఎవరో చూడాలి. కథానాయిక సోఫీ నెవూ సంకేత లిపులు విప్పడంలో నిపుణురాలు, పోలీసు శాఖలో ఉద్యోగి. లూవ్ర్ లోపల పోలీసుల కళ్లుగప్పి లాంగ్డన్‌ను తప్పించేది ఆమె తెలివే. తీరా అసలు రహస్యం చెప్పాల్సిన ఘట్టం వచ్చేసరికి, లీ టీబింగ్ అనే ఆసామి భవంతిలో ఆమె శ్రోతగా మారిపోతుంది. ఒక మగ పండితుడు సోఫాకు ఇటు, ఇంకో మగ పండితుడు అటు. అణచివేయబడిన స్త్రీత్వం గురించి ఇద్దరూ వంతులవారీగా పాఠం చెబుతారు. ఆమె పని ఆశ్చర్యపోవడం, మధ్యమధ్య ఒక ప్రశ్న వేయడం. స్త్రీని మాట్లాడనివ్వలేదని చెప్పే అధ్యాయాల్లోనే స్త్రీ మాట్లాడటం మానేస్తుంది.

ఆ తర్వాత తేలేది ఏమిటంటే సోఫీయే ఆ వంశానికి వారసురాలు. ఆమె చదువు, ఉద్యోగం, పదేళ్ల క్రితం తాతగారి రహస్య పూజ చూసి తెంచుకున్న బంధం, ఇవన్నీ వెనక్కి పోతాయి. చివరికి ఆమె విలువ ఆమె రక్తంలో ఉంది. మగ్దలేనే మరియ విలువా ఆమె గర్భంలోనే ఉంది. ఈ నవల ప్రకారం పవిత్ర పాత్ర అంటే మరియ శరీరమే. దేవుడి బిడ్డను మోసినందుకు ఆమె గొప్పది, చెప్పిన మాటకు కాదు. మన ఇళ్లలో కోడలికి విలువ కట్టే పద్ధతికీ దీనికీ నాకు పెద్ద తేడా కనపడలేదు. చివర్లో సోఫీ అమ్మమ్మ ఆ రహస్యాన్ని బయటపెట్టే ఉద్దేశమేదీ లేదంటుంది, రహస్యంగా ఉండటంలోనే అందం ఉందన్నట్టు మాట్లాడుతుంది. ముగింపులో లాంగ్డన్ మ్యూజియం దగ్గర, మరియ అస్థికలు ఉన్నాయని తాను ఊహించిన చోట మోకరిల్లుతాడు. ఆ నేల కింద స్త్రీ ఉంది, పైన మోకాళ్ల మీద పురుషుడు ఉన్నాడు, సమాధి మాత్రం మూసే ఉంది. చర్చి చేసినట్టు చెబుతున్న పనికీ ఈ ముగింపుకీ ఫలితం ఒకటే.

చరిత్ర విషయంలో కూడా నవల చెప్పేవి చాలావరకు నిలబడవు. 'ప్రయరీ ఆఫ్ సయన్' 1099లో పుట్టిన నిజమైన సంస్థ అని పుస్తకం మొదట్లోనే వాస్తవం అనే శీర్షిక కింద రాశారు. అది 1956లో పియెర్ ప్లాంటార్ అనే ఫ్రెంచివాడు రిజిస్టరు చేయించిన సంఘం, పాత చరిత్ర అతను అల్లించిన కాగితాల్లోనిది. నీకియా సభలో ఏసు దేవుడా కాదా అని ఓటు పెట్టి కొత్తగా దేవుణ్ణి చేయలేదు. తండ్రికీ కుమారుడికీ ఉన్న సంబంధం గురించి అరియస్ బోధ మీద అక్కడ వివాదం నడిచింది. ఈ తప్పులను చర్చి పండితులు బోలెడన్ని పుస్తకాల్లో ఏరి చూపించారు. కానీ వాళ్లు అంత ఉత్సాహంగా చెప్పని సంగతి ఇంకొకటుంది. మరియకు అన్యాయం జరిగిన మాట నిజమే. దానికి రహస్య సంఘాలు అక్కర్లేదు, బహిరంగంగానే జరిగింది. 591లో పోపు మొదటి గ్రెగరీ తన ప్రసంగంలో మగ్దలేనే మరియనూ, లూకా సువార్తలోని పేరులేని పాపాత్మురాలినీ ఒకరిగా కలిపేశాడు. సువార్తల్లో ఎక్కడా లేని వ్యభిచార ముద్ర అప్పటినుంచి ఆమెకు అంటుకుంది. కేథలిక్ చర్చి ఆరాధన క్యాలెండరులో దాన్ని సవరించుకున్నది 1969లో. ఆమె జ్ఞాపక దినాన్ని అపొస్తలుల పండుగలతో సమానం చేసింది 2016లో. ఆ ముద్ర పడటానికి ఒక్క ప్రసంగం చాలింది, అది చెరగడానికి దాదాపు పద్నాలుగు వందల ఏళ్లు పట్టింది.

ఇంకా ముఖ్యమైనది, 1896లో కైరోలో దొరికిన ఒక ప్రాచీన ప్రతి. అందులో 'మరియ సువార్త' ఉంది. దానిలో మరియ శిష్యులకు బోధిస్తుంది, ఒక స్త్రీకి ప్రభువు ఇవన్నీ చెప్పి ఉంటాడా అని పేతురు అభ్యంతరపెడతాడు, లేవీ ఆమె పక్షాన మాట్లాడతాడు. ఆ గొడవ ఆమె పెళ్లి గురించి కాదు, బోధించే హక్కు గురించి. ఎలేన్ పేగెల్స్ 1979లో, ఎలిజబెత్ షూస్లర్ ఫియొరెంజా 1983లో తమ పుస్తకాల్లో తవ్వి తీసింది ఇదే. తొలి క్రైస్తవ సంఘాల్లో స్త్రీలు నాయకత్వం వహించారు, తర్వాత వాళ్లను పక్కకు నెట్టారు అని. స్త్రీవాద పండితులు 'ఆమె నాయకురాలు' అంటే థ్రిల్లర్ దాన్ని 'ఆమె భార్య' అని తిరగరాసింది. కోట్లమందికి చేరింది ఈ రెండోదే.

ఇక నిషేధం దగ్గరికి వద్దాం. సినిమా మన దేశంలో 2006 మే 26న విడుదలైంది. కేంద్ర మంత్రి ప్రియరంజన్ దాస్‌మున్షీ చర్చి ప్రతినిధులతో కలిసి ముందుగా చూశాకే, ఇది కల్పన అనే ప్రకటన చేర్చి, పెద్దలకు మాత్రమే అనే సర్టిఫికెట్‌తో అనుమతించారు. వారం తిరగకుండానే మన రాష్ట్రంలో నిషేధం వచ్చింది. మతసంస్థల నుంచి వినతిపత్రాలు అందాయి, శాంతిభద్రతలకు ముప్పు అన్నారు. జూన్ 21న హైకోర్టులో జస్టిస్ గోడా రఘురాం ఆ ఉత్తర్వును కొట్టేశారు. అభ్యంతరాలు అందాయని యాంత్రికంగా నిషేధించడం చెల్లదన్నది ఆ తీర్పు సారం. తమిళనాడులో అలాంటి నిషేధాన్నే మద్రాసు హైకోర్టులో కొట్టేసినవారు జస్టిస్ ప్రభా శ్రీదేవన్. తర్వాత రోజుల్లో ఆమె తమిళ రచయిత్రి ఆర్.చూడామణి కథలను ఇంగ్లిషులోకి తెచ్చిన అనువాదకురాలు కూడా.

ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి క్రైస్తవుడు కనుక నిషేధించారు అని అప్పుడు చాలామంది తేల్చేశారు. అది తేలిక సమాధానం. పంజాబులోనూ, తమిళనాడులోనూ, గోవాలోనూ, నాగాలాండులోనూ అదే నిషేధం వచ్చింది. అక్కడి ముఖ్యమంత్రులంతా క్రైస్తవులు కారు, ఒకే పార్టీ వాళ్లూ కారు. కనుక దీన్ని ఒక మనిషి విశ్వాసంతో వివరించలేం. ఒక సమూహం తరఫున మాట్లాడతామనే పెద్దలు ఉంటారు. ఆ పెద్దలను సంతోషపెడితే సమూహమంతా సంతోషించినట్టే అనుకునే ప్రభుత్వాలు ఉంటాయి. ఆ పెద్దలు ఎవరు? 2006లో కేథలిక్ చర్చిలోగానీ, దక్షిణ ఇండియా సంఘంలోగానీ ఒక్క స్త్రీ కూడా బిషప్పు కాదు. దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్పుగా ఎగ్గోని పుష్పలలిత మన నంద్యాలలో అభిషిక్తులైంది 2013లో. క్రైస్తవుల మనసు నొచ్చుకుంది అని ప్రభుత్వం అన్నప్పుడు, ఆ క్రైస్తవుల్లో సగం మంది మనసు సంగతి ఎవరు చెప్పినట్టు?

ఇక్కడ నాకు మా జిల్లా చరిత్రే గుర్తుకొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్లు రోశమ్మ ముందు నిలవగా సారా అంగడి మూయించారు. అది ఊరూరా పాకి సారా వేలంపాటలను ఆపే దాకా వెళ్లింది. అప్పుడు ముఖ్యమంత్రి వాకాడు వాసి నేదురుమల్లి జనార్దనరెడ్డి. 1992 అక్టోబరులో ఆయన దిగిపోయి కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. రాష్ట్రమంతటా సారా నిషేధం 1993 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. తన్నులు తిన్న ఆడవాళ్లు రోడ్డెక్కి అడిగిన నిషేధానికి ఏడాదికి పైగా పట్టింది, ఒక ముఖ్యమంత్రి మారారు. మతసంస్థలు అడిగిన సినిమా నిషేధం వారంలో వచ్చింది. సారా మీద ఖజానాకు రాబడి ఉంది, సినిమా ఆపితే పోయేదేమీ లేదు. 'కుమ్మక్కు' అనే మాటకు నాకు దొరికిన సరైన అర్థం ఇదే. రాజ్యం తనకు ఖర్చు లేనివన్నీ మతపెద్దల చేతుల్లో పెడుతుంది. ఆ పెద్దలు కూడా అంతకుమించి అడగరు.

అడగనివాటి జాబితా చిన్నది కాదు. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటీ చూపిస్తే చాలు. భార్య మాత్రం వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, వదిలేసి వెళ్లడమో కూడా రుజువు చేయాలి. ఆ తేడా తొలగింది 2001లో, అంటే 132 ఏళ్లకు. కేరళలో తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టం కింద కూతురికి దక్కేది కొడుకు వాటాలో నాలుగోవంతు లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ సుప్రీంకోర్టుకు వెళ్లి 1986లో దాన్ని చెల్లకుండా చేసింది. ఆ తీర్పు వెనకటి కాలానికి వర్తించకుండా ఉండేందుకు పార్లమెంటు దాకా ప్రయత్నాలు సాగాయి, వాటికి చర్చి పెద్దల మద్దతు ఉంది. ఇందులో హత్య లేదు, సన్యాసి లేడు, సంకేత లిపి లేదు. ఒక ఆడపిల్ల భూమి ఉంది. థ్రిల్లర్ దీన్ని పట్టుకోలేదు. అది వెతికేది ఒక దుర్మార్గుణ్ణి. ఇక్కడ అందరూ మర్యాదస్తులే.

మా తీరంలో ఆ మర్యాద సర్టిఫికెట్ రూపంలో కనిపిస్తుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవ దళితులకు ఇప్పటికీ లేదు. మన రాష్ట్రంలో వాళ్లు బి.సి.-సి జాబితాలో, ఒక్క శాతం రిజర్వేషన్ కింద ఉంటారు. అందుకే చాలా ఇళ్లలో ఆదివారం పేరు ఒకటి, బడి రిజిస్టరులో పేరు ఇంకొకటి. కూతురి పేరు ఏం పెట్టాలన్నది తల్లికి ముద్దుతోపాటు లెక్క కూడా. దీనికోసం శాసనసభ 2009లో ఒకసారి, 2023లో మరోసారి తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవారు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని తీర్పు చెప్పింది. దెబ్బ కొట్టేవాడు బైబిలు చూసి కొట్టడు, పుట్టిన పల్లె చూసి కొడతాడు. 1985 జులైలో కారంచేడు చెరువు దగ్గర తాగేనీళ్లు మురికి చేయొద్దన్నందుకు బిందె ఎత్తి ఎదురు నిలిచిన మున్నంగి సువార్త పేరే మనకు సాక్ష్యం. ఆమె పేరు సువార్త. ఆమెను తన్నబోయినవాళ్లకు కనిపించింది మాత్రం కులమే.

మరి దీన్నంతా రాయడం ఈ రోజుల్లో క్షేమమా అనే ప్రశ్న ఉంది. 2008లో కంధమాల్‌లో చర్చిలు తగలబడ్డాయి, క్రైస్తవ స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. చర్చిని విమర్శించే ప్రతి వాక్యాన్నీ ఏరుకుని తమ కత్తికి పిడిగా వాడుకునేవాళ్లు ఇప్పుడు మరీ ఎక్కువ. అందుకని క్రైస్తవ రచయిత్రులు చాలామంది లోపలి మాటను లోపలే దాచుకుంటున్నారు. ఈ భయం నాకు అర్థమవుతుంది. కానీ బయట శత్రువున్నాడు కనుక ఇంట్లో గొంతెత్తొద్దని చెప్పడం ఏ ఇంటి ఆడవాళ్లకూ కొత్త కాదు. పైగా ఆ మౌనం వల్ల చర్చి బలపడదు, చర్చి పేరుతో బేరాలాడే పదిమందే బలపడతారు. ఎవరు విమర్శించాలి అనే దానికి నా జవాబు, పిడికెడు బియ్యం తీసి పెట్టే చేతులు అని. పూట పూటా ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు పక్కన వేసి, వారానికి ఒకసారి చర్చికి మోసుకెళ్లే ఆడవాళ్ల చేతుల మీదే మన పల్లె సంఘాలు నిలిచాయి. ఆ చేతుల విమర్శకూ, బయటినుంచి రాయి విసిరే చేతి విమర్శకూ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

దాగిన మరియలు కావాలంటే లూవ్ర్ దాకా వెళ్లనక్కర్లేదు. 1854 నూతన సంవత్సరం రోజు తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారని తెలుగు బాప్టిస్టుల చరిత్ర చెబుతుంది. ఆ కథలో అందరికీ గుర్తున్న పేరు లైమన్ జ్యూయెట్. ఆ ఐదుగురిలో ముగ్గురు స్త్రీలు. ఆయన భార్య, జూలియా, రూతు. నెల్లూరు జూలియా మన తెలుగు స్త్రీ, బోధకురాలు. ఆమె తర్వాత వచ్చిన 'బైబిలు స్త్రీలు' గోషా ఇళ్లలోకి వెళ్లి అక్షరాలు నేర్పారు, పురుళ్ల దగ్గర కూర్చున్నారు, తక్కువ జీతానికి మైళ్లు నడిచారు. ఎందరి పేర్లు మనకు తెలుసు? సమాధి తెరిచి ఉందని మొదట చెప్పింది స్త్రీలే, శిష్యులు ఆ మాటను నమ్మలేదని లూకా రాశాడు. ఆ అపనమ్మకం ఇంకా పూర్తిగా పోలేదు.

చర్చి, రాజకీయం కలిసి ఆడే ఆట మీద తెలుగులో ఒక మంచి నవల రావాలి. అందులో ఎన్నికల ముందు పాస్టర్ల సమావేశం ఉండాలి, సర్టిఫికెట్ కోసం ఆఫీసు మెట్ల మీద కూర్చున్న తల్లి ఉండాలి, చర్చి స్థలం కమిటీలో చోటు లేని స్త్రీల సమాజం ఉండాలి. ఉత్కంఠకు కొదవ ఉండదు. తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని ఒక దళిత క్రైస్తవ కూతురి కథగా తిరగరాసి వినోదిని దారి చూపించింది. బైబిలును అవతల పారేయకుండానే, అందులోని మగ కథను ఆడపిల్ల చేతికి ఎలా ఇవ్వచ్చో ఆ కథ చెబుతుంది. అలాంటి నవల రాయదలచినవాళ్లకు ముడిసరుకు మిషన్ రిజిస్టర్లలో, స్త్రీల సమాజాల లెక్కల పుస్తకాల్లో, మన అమ్మమ్మల జ్ఞాపకాల్లో ఉంది. ఆ పుస్తకాలు చెదలు పట్టకముందే చదవడం, ఆ అమ్మమ్మలు ఉండగానే వాళ్ల మాట రికార్డు చేయడం విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం చేయగలిగిన పని. మరియ గురించి మగవాళ్లు చెప్పిన రహస్యాలు రెండు వేల ఏళ్లుగా విన్నాం. ఇక రూతమ్మలు, సువార్తమ్మలు తమ గురించి తాము ఏం చెబుతారో విందాం.